ఉత్తరపు తాడులో మూడో మనిషి

ఆవుల అంకయ్యకు ఈ లోకంలో ఇద్దరే శత్రువులు. ఒకటి ఆయన ఎడమకాలు, రెండు నేను. ఈ మాట నేను కల్పించింది కాదు. మొదటిరోజే నా మొహం మీద ఆయనే అన్నాడు. అప్పటికి నేను ఆయన కాలు పట్టుకుని మడిచి చాపుతూ అరగంట అయింది.

నా పేరు కరుణాకుమారి. కావలిలో ఫిజియోథెరపిస్టుని. పడిపోయిన మనుషుల్ని నిలబెట్టే పనిలో పాతికేళ్ళు గడిచాయి. చెయ్యి మంచిదే గాని నోరు మంచిది కాదని మా ఆయనా, మా చర్చి పాస్టరుగారూ, నా పేషెంట్లూ ముక్తకంఠంతో చెబుతారు. నాకేమీ బాధ లేదు. మెత్తగా మాట్లాడితే లేచి నడిచిన పేషెంటును నేనింతవరకూ చూడలేదు.

బోగోలు మండలంలో సముద్రాన్ని ఆనుకుని ఒక పాళెం ఉంది. అక్కడ ఇప్పటికీ పెద్దవల లాగుతారు. పడవలో వెళ్ళి వలను సముద్రంలో అర్ధచంద్రంలా వదిలి, దాని రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకు తెస్తారు. ఉత్తరపు తాడుకు ఇరవైమంది, దక్షిణపు తాడుకు ఇరవైమంది. నడుముకు పట్టీ కట్టుకుని, దాన్ని తాడుకు తగిలించి, సముద్రం వైపు మొహం పెట్టి, మడమలు ఇసకలో తన్నిపెట్టి వెనక్కి వెనక్కి నడుస్తూ లాగుతారు. ఇసక మిట్ట మీదికి చేరినవాడు తాడు వదిలి, మళ్ళీ నీళ్ళదాకా దిగి తాడు పట్టుకోవాలి. మొదటివాడి తర్వాత రెండోవాడు, రెండోవాడి తర్వాత మూడోవాడు. ఎన్నిసార్లు తిరిగినా ఆ వరస మారదు. ఒకడి చోట్లో ఇంకొకడు తాడు పట్టాడంటే ఆ చోటు ఇక పట్టినవాడిదే.

ఉత్తరపు తాడులో మూడో చోటు అంకయ్యది. అంతకుముందు వాళ్ళ నాయనది. పద్దెనిమిదో ఏట పట్టిన తాడు, నలభై అయిదేళ్ళు వచ్చేదాకా వదల్లేదు. మనిషి పొడుగేమీ కాదు, కండలున్నవాడూ కాదు. నోరు మాత్రం ఇరవైమంది పెట్టు. తాడు లాగుతూ ఆయన చెప్పే కబుర్లకు నవ్వు ఆపుకోలేక ముందున్నవాళ్ళు పట్టు జార్చేవారట. అందుకని ఊరి పెద్ద పోలయ్య వల బరువుగా ఉన్న రోజున అంకయ్యను నోరు మూసుకోమని ముందే ఒట్టు వేయించుకునేవాడు.

ఏడాదిన్నర కిందట, అక్టోబరు నెలలో, పడవ ఒడ్డుకు వస్తుండగా అల ఎత్తి కుదేసింది. అంకయ్య నడుము పడవ అంచుకు తగిలింది. నెల్లూరులో ఆపరేషన్ చేసి, విరిగిన ఎముకకు అటూ ఇటూ కడ్డీలు బిగించారు. లోపల వెన్నుపాము తెగలేదు, నలిగింది. ఎంత తిరిగి వస్తుందో, ఎప్పుడు వస్తుందో చెప్పలేమన్నారు. నడుము కింద అంతా మొద్దు. మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి. నాలుగు గంటలకొకసారి గొట్టం పెట్టి మూత్రం తీయాలి. ఆ పని గురించి మాత్రం ఆయన ఎవరినీ నవ్వనివ్వలేదు, తనూ నవ్వలేదు.

ఆ పాళెంలో ఒక కట్టుబాటు ఉంది. ఏటా రెండు నెలల చేపలవేట నిషేధం ముగిశాక, జూన్‌లో పెద్దవల దించే తొలిరోజున ఎవడి చోట్లో వాడు నిలబడాలి. తాడు పట్టి ఒకసారి మిట్ట మీదికి లాగాలి. సొంత కాళ్ళ మీద దిగివచ్చి రెండోసారి పట్టాలి. అప్పుడే ఆ ఏడాదికి ఆ చోటు వాడిది. జబ్బు చేస్తే ఒక తొలిరోజు తప్పొచ్చు, ఆ చోటు ఖాళీగా ఉంచుతారు. వరసగా రెండు తప్పితే చోటు పోతుంది. అంకయ్యకు ఒకటి అప్పటికే తప్పింది.

"తాడు చుట్ట చుట్టే పని ఇస్తామన్నారు మేడమ్మా," అన్నాడు అంకయ్య. "మిట్ట మీద కూసోని చుట్టుకోవాలంట. అది ముసిలోళ్ళ పని. పళ్ళు ఊడినోళ్ళ పని. నా పళ్ళన్నీ ఉండాయి, చూసుకోండి." నోరు తెరిచి చూపించాడు కూడా. పొగాకు నమిలి నమిలి నల్లబడ్డాయి గాని ఉన్నమాట నిజమే.

"పళ్ళతో నడుస్తావా? కాలు సంగతి చెప్పు," అన్నాను.

"మెదడు చెప్తానే ఉండాది మేడమ్మా. కాలుకే వినపళ్ళా. మా ధనలక్ష్మి చెప్పేది నాకు వినపడనట్టు."

ఆయన భార్య ధనలక్ష్మి పక్కనే చేపలు తోముతోంది. "వినపడకనా? వినపడనట్టు యాక్షన్ చేసేది ఎవురంట?" అంది తల ఎత్తకుండా.

"కాలు కూడా యాక్షనే చేస్తోందేమో. రోజుకు రెండొందల సార్లు పిలిచి చూద్దాం," అన్నాను.

"రెండొందల సార్లు పిలిస్తే కాలు కూడా పుట్టింటికి పోతాది మేడమ్మా."

నవ్వులాట ఎలా ఉన్నా, చేయించవలసింది అదే. ఎముక విరిగితే అతుక్కుంటుంది. వెన్నుపాము అలా అతుక్కోదు. నలిగినచోట కొన్ని దారులు మూసుకుపోతాయి, కొన్ని మిగులుతాయి. ఆ మిగిలిన దారులతోనే పాత పనిని కొత్తగా నేర్చుకోవాలి. నేర్చుకోవడానికి మందు లేదు, చేసిందే చెయ్యడం ఒక్కటే దారి. వారానికి మూడు రోజులు నేను స్కూటీ మీద వెళ్ళేదాన్ని. మిగతా నాలుగు రోజులూ ధనలక్ష్మి చేయించేది. ఆవిడ నాకన్నా గట్టిది.

దెబ్బ తగిలిన పదకొండో నెలలో కుడికాలి బొటనవేలు కదిలింది. ఆ కబురు నేను ఇంటి గడప దాటేలోపే ఊరంతా పాకింది. తిరనాళ్ళకు వచ్చినట్టు వచ్చారు. "ఏదీ, ఇంకోసారి," అంటూ ఒకరి తర్వాత ఒకరు. అంకయ్య కూడా వెనకాడే మనిషి కాదు, అడిగిన ప్రతివాళ్ళకూ కదిపి చూపించాడు. ఇరవయ్యో ఆటకు వేలు అలిసిపోయి మొరాయించింది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు మొహాలు మాడ్చుకుని పోయారు. మర్నాడు నేను ఆయన్ని తిట్టాను, తిడుతూనే వేలు కదపమని అడిగి రెండుసార్లు చూశాను.

ఇక పెంచలకృష్ణ గురించి చెప్పాలి. ధనలక్ష్మి తమ్ముడు. ముప్ఫై ఏళ్ళవాడు, మాట తక్కువ, కన్ను చురుకు. ఉత్తరపు తాడులో నాలుగోవాడు. అంటే అంకయ్య చోటు పోతే అది దక్కేది వీడికే. తుఫాను షెల్టరు వరండాలో నేను నడక కోసం రెండు కడ్డీలు కావాలంటే, సరుగుడు కర్రలు కొట్టుకొచ్చి, వలతాడుతో బిగించి కట్టినవాడు వీడే. ఏనుగు ఊగినా కదలనంత గట్టిగా కట్టాడు. అయినా వాడి మీద నాకు అనుమానమే. చోటు కోసం కాచుకున్నవాడు ఇంత శ్రద్ధగా కర్రలు కడతాడా? ఎక్కడో ఒకచోట ముడి వదులుగా వేసి ఉంటాడని వచ్చినప్పుడల్లా అన్ని ముళ్ళూ లాగి చూసేదాన్ని. ఒకరోజు పట్టుబడ్డాను.

"గట్టిగానే ఉండాయి మేడమ్," అన్నాడు పెంచలకృష్ణ. "బావ లేస్తే మా అక్కకు మంచిది. లెయ్యకపోతే నాకు మంచిది. నేను ఎటూ నష్టపోను. ఇంక ముడి వదులుగా వేసేది ఎందుకు?"

చేతిలో ఉన్న ముడి వదిలేశాను, మళ్ళీ ఏ ముడీ లాగి చూడలేదు.

మార్చి వచ్చేసరికి అంకయ్య మడమకు పట్టీ కట్టుకుని, నాలుగుకాళ్ళ వాకరుతో వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి పదిహేనుసార్లు తిరిగాడు. ఎడమకాలు ఈడ్చుకుంటున్నా నడకే. నాకు గర్వం తలకెక్కింది. ఇక ఒడ్డుకు పోదాం పదండి అన్నాను. ఊరు ఊరంతా వెంట వచ్చింది. ఇసకలో మొదటి అడుగుకే వాకరు నాలుగు కాళ్ళూ జానెడు దిగబడ్డాయి. పీకి ముందు పెడితే మళ్ళీ దిగబడ్డాయి. మూడోసారి వాకరు అక్కడే ఉంది, అంకయ్య ముందుకు పడ్డాడు.

పాతికేళ్ళు ఆసుపత్రి నాపరాళ్ళ మీద మనుషుల్ని నడిపించిన నాకు, ఈయన నడవాల్సింది ఇసక మీద అన్న ముక్క తట్టలేదు. అయిదు నెలలు సిమెంటు మీదే నేర్పాను. తప్పు నాది.

అంకయ్య నోట్లో ఇసక ఉమ్మి, "మేడమ్మా, సిమెంటు మీద వల లాగే ఊరు యాడన్నా ఉంటే చెప్పండి, ఆడికే పోతా," అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే మొహం అటు తిప్పుకున్నాడు. ఆ కళ్ళలో నీళ్ళు నేను చూశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు పెంచలకృష్ణ ఎక్కడిదో ఒక తాడు తెచ్చి, కొస ఆయన ఒళ్ళోకి విసిరాడు. "పట్టుకో బావా. బర్రెను లాక్కపోయినట్టు నీళ్ళలోకి లాక్కపోతా."

"ఎవుర్రా బర్రె?" అని అంకయ్య కొస పట్టుకున్నాడు. ఇద్దరు చెరో జబ్బా పట్టి లేపారు. పెంచలకృష్ణ నీళ్ళ వైపు నుంచి లాగాడు. అంకయ్యకు కోపం వచ్చింది. నడుము వెనక్కి వాల్చి, మడమ ఇసకలో తన్ని, ఎదురు లాగాడు. కుడికాలు వెనక్కి పడింది. తర్వాత ఎడమకాలు ఈడ్చుకోకుండా, లేచి, వెనక్కి పడింది. మళ్ళీ కుడికాలు. పెంచలకృష్ణ బిగువు సడలకుండా తాడు వదులుతూ వస్తున్నాడు. ఏడో అడుగు దగ్గర చూస్తే, జబ్బలు పట్టుకున్న ఇద్దరూ ఎప్పుడో వదిలేసి నోళ్ళు తెరుచుకుని నిలబడి ఉన్నారు. పదకొండో అడుగున నేను సంతోషం పట్టలేక కేక పెట్టాను. ఆ కేకకు ఉలిక్కిపడి వెల్లకిలా పడ్డాడు.

"నడిస్తే తిడతారు, నడవకపోతే తిడతారు!" అని పడుకునే అరిచాడు అంకయ్య.

ముందుకు నడవడం ఆయనకు కొత్తగా నేర్పుతున్నాం. వెనక్కి లాగుతూ నడవడం మాత్రం ఇరవై ఏడేళ్ళుగా ఒంట్లో ఇంకిన పని. పైగా ఎదురుగా తాడు బిగువు మనిషిని నిలబెడుతుంది. నడక తప్పినవాళ్ళకు వెనకనడక నేర్పమని మా పుస్తకాల్లోనూ ఉంది. చదివాను, పరీక్ష రాశాను, మరిచిపోయాను. ఆ రాత్రి పుస్తకం తీసి నన్ను నేనే తిట్టుకున్నాను.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే ఒడ్డు మీద బావకూ బామ్మర్దికీ తాడు పోటీ. మేలో నేను వెళ్ళని ఒకరోజు అంకయ్య పట్టుదల కొద్దీ ఎండెక్కేదాకా లాగాడు. అరికాలికి స్పర్శ లేదు కాబట్టి ఇసక కాలిపోతున్నా తెలియలేదు. ఇంటికొచ్చాక ధనలక్ష్మి చూసేసరికి ఎడమ అరికాలంతా బొబ్బ. మూడు వారాలు కాలు కింద పెట్టకూడదన్నాను. తొలిరోజుకు అప్పటికి నెలా పది రోజులుంది. ధనలక్ష్మి నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ నాలుగు రోజులూ అంకయ్య కూడా ఎవరితోనూ మాట్లాడలేదని విని, నాకు బొబ్బ కన్నా అదే ఎక్కువ భయమేసింది. మానాక కావలి బజారులో గుడ్డ బూట్లు కొనిచ్చాను. వాటిని వేసుకుని ఒడ్డుకు వస్తే, "ఎస్సైగారు వచ్చినారు, లెయ్యండ్రా," అని ఊరు ఊరంతా సెల్యూట్ కొట్టింది.

అసలు చిక్కు వేరే ఉంది. పైకి లాగడం సరే, తాడు వదిలాక కిందికి దిగాలి కదా. అది ముందునడక, తాడు సాయం లేదు. రెండు కర్రలు పట్టుకుని దిగితే ఒప్పుకుంటారా అని ఊరి పెద్దల్ని అడిగాం. పోలయ్య ముందు పంచాయితీ గంటసేపు నడిచింది. సొంత కాళ్ళంటే సొంత కాళ్ళే అని కొందరు, ముసలితనంలో కర్ర పట్టరా అని కొందరు. చివరికి పోలయ్య గొంతు సవరించుకున్నాడు.

"కర్ర మనిషి కాదు గదా. పట్టుకోవచ్చు. మనిషి చెయ్యి మాత్రం పడకూడదు. పడిపోయినా సరే, ఎవురూ లేపకూడదు," అన్నాడు.

మిట్ట నుంచి నీళ్ళకు నలభై అడుగులు. తొలిరోజుకు ముందురోజు అంకయ్య ముప్ఫై ఎనిమిది వేశాడు. రెండే కదా అన్నాడు. నేనూ రెండే కదా అన్నాను.

తొలిరోజు తెల్లవారేసరికి పాళెం చేరాను. చూస్తే సముద్రం రోజూ కన్నా వెనక్కి తగ్గి ఉంది. నలభై అడుగులు కాస్తా యాభై అయ్యాయి. అంకయ్యకు చెప్పలేదు. ఆయనకు నేను చెప్పాలా, పుట్టిందగ్గర్నుంచీ చూస్తున్న సముద్రం.

వల దించారు. తాళ్ళు ఒడ్డుకొచ్చాయి. మొదటివాడు పట్టాడు, రెండోవాడు పట్టాడు, అంకయ్య తన పట్టీ తాడుకు తగిలించాడు. తర్వాత పెంచలకృష్ణ. వాలి, మడమ తన్ని, వెనక్కి వెనక్కి. నడక చూస్తే దెబ్బ తిన్న మనిషి అనుకోరు. మిట్ట ఎక్కేసరికి మళ్ళీ నోరు కూడా లేచింది, ముందున్నవాడి మీద ఏదో జోకు వేశాడు. పైన తాడు వదిలి, కర్రలు అందుకుని, దిగడం మొదలుపెట్టాడు.

ఇరవై. ముప్ఫై. నేను నోట్లో లెక్కపెడుతున్నాను. ముప్ఫై ఎనిమిది దాటాడు. నలభై. నలభై నాలుగో అడుగున ఎడమకాలు బిగుసుకుని దానంతటదే ఎగిరింది. కర్ర జారింది. బోర్లా పడ్డాడు. నీళ్ళకు ఇంకా ఆరడుగులు.

నేను పరిగెత్తబోయాను. ధనలక్ష్మి నా మణికట్టు పట్టుకుంది. ఆవిడ పట్టు వదల్లేదు.

నీళ్ళ దగ్గర మొదటివాడూ రెండోవాడూ మళ్ళీ తాడు పట్టేశారు. ఇప్పుడు మూడోవాడి వంతు. అంకయ్య తర్వాత మిట్ట దిగిన పెంచలకృష్ణ అప్పటికే నీళ్ళ అంచున నిలబడి ఉన్నాడు. చెయ్యి చాస్తే తాడు అందుతుంది. వాడు చెయ్యి చాపలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని సముద్రం కేసి చూస్తున్నాడు. వాడు పట్టకపోతే వెనకవాళ్ళు పట్టడానికి లేదు. మిట్ట మీద వదిలినవాళ్ళు వదులుతున్నారు, కింద పట్టేవాడు లేడు. ఉత్తరపు తాడు నడక ఆగిపోయింది. ఒక పక్క ఆగితే వల నోరు సడలుతుంది, లోపలి చేప దారి చూసుకుంటుంది.

"పట్రా పెంచలకృష్ణా! చేప పోతా ఉండాది!" అని పోలయ్య కేక.

"నాది నాలుగో వరస," అన్నాడు పెంచలకృష్ణ వెనక్కి తిరక్కుండా. "మూడో మనిషి పట్టినాక పడతా."

తాడు మీద మిగిలి ఉన్నవాళ్ళు నడవడం మానేసి, మడమలు దించి, ఉన్నచోటే వాలి నిలబడ్డారు. లాగడం లేదు, వదలడమూ లేదు. సముద్రం లాగుతుంటే ఆపుతున్నారు, అంతే. చూసి దక్షిణపు తాడువాళ్ళు కూడా ఆగిపోయారు. తొలిరోజు తొలి వల, రెండు నెలలు పస్తులున్నట్టు ఉన్న ఊరు. అయినా ఒక్కడూ పెంచలకృష్ణను తిట్టలేదు. తిట్లన్నీ అంకయ్యకే పడ్డాయి. "లెయ్ రా నాయనా, చేతులు ఊడొస్తుండాయి!" "బూట్లేసుకోని నిద్రపోతుండావా?" "చేపంతా మద్రాసు పోతా ఉండాది, నువ్వు లేచేలోపల!" ఇంత ప్రేమగా తిట్టడం నాకు కూడా చేతకాదు.

అంకయ్య మోచేతుల మీద లేచాడు. కర్ర ఒకటి అందింది, రెండోది దూరంగా పడింది. మోకాళ్ళ మీదికి వచ్చాడు. మళ్ళీ కూలబడ్డాడు. మళ్ళీ వచ్చాడు. కర్రను ఇసకలో గుచ్చి, రెండు చేతులూ ఒకదాని పైన ఒకటి వేసుకుంటూ దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగో అడుగుకు ఎడమకాలు వినలేదు, చేత్తో ప్యాంటు పట్టుకుని కాలును లాగి ముందు పెట్టుకున్నాడు. అయిదు. ఆరో అడుగు నీళ్ళలో పడింది. తాడు మీదికి ఒరిగి, పట్టీ తగిలించాడు. పెంచలకృష్ణ అప్పుడు చెయ్యి చాపి, ఆయన తర్వాత నాలుగో చోట పట్టాడు. నేను ఏడుస్తున్నానని ధనలక్ష్మి చెబితే తెలిసింది.

వల ఒడ్డుకొచ్చాక చూస్తే పిడికెడు కవళ్ళ చేపలు, రెండు పీతలు, కావలసినన్ని జెల్లీ చేపలు. పోలయ్య వాటిని చూసి తల గోక్కుని, తుండు భుజాన వేసుకుని, ఆ ఏడాది చోట్లు ఖాయం చెయ్యడానికి వరసగా పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. పేరు పిలిస్తే 'ఉండా' అనాలి. మొదటివాడు అన్నాడు. రెండోవాడు అన్నాడు.

"ఆవుల అంకయ్య."

ఏడాదిన్నరలో ఆ నాలుగు రోజులు తప్ప మంచం మీద కూడా మూతపడని ఆ నోరు తెరుచుకుంది గాని మాట రాలేదు. కర్ర మీద రెండు చేతులూ పెట్టి నేలకేసి చూస్తున్నాడు.

"ఉండాడు మామా," అన్నాడు పెంచలకృష్ణ. "యాడికి పోతాడు?"

పోలయ్య తలూపి ముందుకు సాగాడు. నాలుగు, అయిదు, ఇరవై దాకా అయ్యాయి. దక్షిణపు తాడు పేర్లు మొదలయ్యాయి. అక్కడ ఏడో మనిషిని పిలిచి, వాడు నోరు తెరవబోతుండగా, ఇవతల నుంచి అంకయ్య ఊరు అదిరిపోయేలా "ఉండా!" అని అరిచాడు.